రెండో గంప

నేను తిరిగొచ్చేసరికి కేసు తేలిపోయింది, హంతకుడు దొరికిపోయాడు, సాక్ష్యాన్ని మా గార్డులు కాల్చుకు తినేశారు.

మూడో సంగతి కాస్త ఆలస్యంగా తెలిసింది. మొదటి రెండూ ఫెర్రీ దిగుతుండగానే రేవులో టీ కొట్టువాడు చెప్పేశాడు. వేరే కేసులో సాక్ష్యం చెప్పడానికి ముందురోజు సాయంత్రం అవతలి ఒడ్డున ఉన్న స్ఫాక్స్ కోర్టుకి వెళ్లాను. నేను లేని ఆ ఒక్క రాత్రే అమోర్ లహ్మర్ సముద్రంలో తన చేపల దడిలో శవమై తేలాడు. తెల్లారగానే స్ఫాక్స్ నుంచి కమిషనర్ స్లిమ్ ఫురాటీ దిగాడు. దిగిన పూటే ఒకణ్ణి పట్టుకుని సంకెళ్లు వేశాడు. నాలుగింటి ఫెర్రీలో వాణ్ణి తీసుకుపోతున్నాడు.

మా కెర్కెనా దీవుల్లో భూమి తగాదాలు తక్కువ. భూమే తక్కువ కాబట్టి. మా పొలాలు సముద్రంలో ఉంటాయి. ఫలానా వంశానికి ఫలానా నీళ్లని బేలు రాజ్యమేలిన కాలంలోనే రాసిచ్చారు, తండ్రి పోతే కొడుకులు పంచుకుంటారు. ఆ నీళ్లలో ఖర్జూర మట్టలు పాతి బారుగా దడి కడతారు. ఆటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తుంటే చేపలు దడి వెంటే నడిచి చివర ఉన్న గదుల్లోకి వెళ్తాయి. అక్కడ పీచుతో అల్లిన బుట్టల్లాంటి మావుల్లో పడతాయి. అమోర్ శవం కూడా అలాగే దడి వెంట నడిచి తన గదిలోకే వెళ్లింది. తల వెనక కర్రతో కొట్టిన దెబ్బ ఉంది. కానీ చచ్చింది దెబ్బకి కాదు, స్పృహ తప్పి నీళ్లలో పడి ఊపిరాడక. ప్రాణం పోయింది అర్ధరాత్రికి అటూ ఇటూ, పోటు నిండుగా ఉన్న వేళ అని మా డాక్టరు అన్నాడు.

పోలీసు పోస్టులో నా కుర్చీలో ఫురాటీ కూర్చుని ఉన్నాడు. ఆయన బూట్లకి ఇసుక అంటడం నేను ఇంతవరకు చూడలేదు.

"రండి ఇన్‌స్పెక్టర్ వసీలా గారూ," అన్నాడు. "మీ పని కూడా మేమే చేసిపెట్టాం. సంతకం ఒక్కటి బాకీ."

సంతకం సంగతి తర్వాత, ముందు మనిషిని చూస్తానన్నాను. చూడడానికి ఏముందని ఆయన వరసగా చెప్పుకొచ్చాడు. పట్టుబడ్డవాడి పేరు వనీస్ ఖలీఫీ, స్ఫాక్స్ వాడు, గీకుడు పడవ మీద కూలి. అడుగున ఉన్న నాచుతో సహా సముద్రాన్ని గీక్కుపోయే ఆ పడవల్ని మా దీవుల్లో ఆ పేరుతోనే పిలుస్తారు. చట్టం ఒప్పుకోదు, అయినా రాత్రిపూట పోటు మీద వస్తూనే ఉంటాయి. పోయిన వారం వనీస్ పడవ అమోర్ దడిని విరగ్గొట్టింది. అమోర్ వాళ్ల వల కోసి పారేశాడు. వనీస్ కాఫీ కొట్టులో అందరి ముందూ నిన్ను నీ దడిలోనే పాతేస్తానన్నాడు. నిన్న రాత్రి దడి కాపలా వంతు అమోర్‌ది, పడవలో ఒక్కడే ఉన్నాడు. ఆ రాత్రే గీకుడు పడవ ఆ చుట్టుపక్కల తిరిగింది. మట్టలకి దాని వల ముక్క చిక్కుకుని దొరికింది.

వింటే లోటేమీ కనిపించలేదు. అందుకే నాకు నచ్చలేదు.

వనీస్‌ని సామాను గదిలో పెట్టారు. పాతికేళ్లు దాటి ఉండవు. అన్నిసార్లూ ఒకే మాట చెప్పి విసిగిపోయిన మొహం. రాత్రి వల లాగుతున్నామని దాచకుండా ఒప్పుకున్నాడు. దడి దగ్గరకి వెళ్లలేదని, ఆ వల ముక్క పోయిన వారానిదని చెప్పాడు. పడవ ఓనరుకి ఫోను చెయ్యమంటే ఫోను ఎత్తడం లేదట. రాత్రి పడవ బయటికే రాలేదని ఆ ఓనరు ఫురాటీకి ముందే చెప్పేశాడు. అంటే ఈ కుర్రాడికి ఈ లోకంలో సాక్షి ఎవరూ లేరు.

"పెద్దాయన్ని నేనెందుకు చంపుతాను మేడమ్?" అన్నాడు. "బుధవారం ముగ్గురం కూచుని టీ తాగాం. నేను, మా ఓనరు, ఆయన. వల పోయిందని ఏడవకురా, వచ్చే నెల నుంచి ఈ నీళ్లు మీవే అని నా భుజం తట్టాడు."

"అమ్ముతానన్నాడా?"

"మా ఓనరుకి మాటిచ్చాడు. మాకు అడ్డొచ్చేదే ఆ దడి. అది తీసేస్తానన్నవాణ్ణి చంపితే మాకేం వస్తుంది?"

గుమ్మంలో నిలబడి ఫురాటీ నవ్వాడు. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడు కాబట్టి ఎన్నైనా చెప్తాడన్నాడు. నాకూ ఆ మాట మింగుడు పడలేదు. మా దీవుల్లో పెళ్లాం నగలు అమ్ముతారు, పడవ అమ్ముతారు, అవసరమైతే ఇల్లు కూడా అమ్ముతారు. తండ్రి నీళ్లు, అదీ గీకుడు పడవ వాడికి, అమ్మినవాణ్ణి నేను ఎరగను. కానీ అబద్ధం చెప్పాలనుకున్నవాడు నమ్మేలా ఉండే అబద్ధం చెప్తాడు. ఇది నమ్మేలా లేదు.

శవాన్ని మొదట చూసింది తమ్ముడు బశీర్. అతని వాంగ్మూలం పొట్టిది. తెల్లవారుజామున నీళ్లు బాగా తీసే వేళకి అన్నని కలవడానికి నీళ్లలో నడిచి వెళ్లాడు. అన్న శవం కనిపించింది. ఏదీ ముట్టుకోకుండా పరుగెత్తుకొచ్చి పోస్టులో చెప్పాడు. సార్జెంట్ మహ్‌రెజ్ అతనితో కలిసి వెంటనే వెళ్లాడు. శవాన్నీ, పడవనీ ఒడ్డుకి చేర్చారు. పడవలో ఉన్నవి ఫలానా ఫలానా. అందులో 'చేపల గంప ఒకటి' అని ఉంది.

చేపలు ఎక్కడున్నాయని అడిగాను. మహ్‌రెజ్ గోడ మీద కాలెండరు వైపు చూశాడు. మిగతా ఇద్దరు గార్డులు తమ బూట్ల వైపు చూసుకున్నారు. పెరట్లో పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, పక్కన ముళ్లు, బార్లీ రొట్టె ముక్కలు, మిరప ముద్ద అంటిన పళ్లెం.

"పాడైపోతాయని మేడమ్," అన్నాడు మహ్‌రెజ్. "అమోర్ ఇంటికి పంపిద్దామంటే ఆ ఇంట్లో ఏడుపులు. ఇంక..."

"ఎలా ఉన్నాయి?"

"చాలా బాగున్నాయి మేడమ్."

"రుచి కాదు మహ్‌రెజ్. తెచ్చినప్పుడు ఎలా ఉన్నాయి?"

ఈ మాటకి అతనికి ధైర్యం వచ్చింది, వివరంగా చెప్పాడు. గంప మీద నాచు దట్టంగా కప్పి ఉంది. నాచు ఇంకా నీళ్లోడుతోంది. పడవ దగ్గరికి వెళ్లి ఆ నాచు పక్కకి తీయగానే చేపలు ఎగిరాయి. ఒకటి అతని చొక్కా మీదే పడింది. మావులు గదుల్లో ఎప్పటిలాగే మూతి సరిగ్గా తిప్పి పెట్టి ఉన్నాయి, కొత్తగా దులిపినట్టు ఖాళీగా.

నేను ఫురాటీ వైపు తిరిగాను. మావులు ఎత్తేది ఆటు బాగా తీశాకే, నీళ్లు మోకాలికి దిగాక. అర్ధరాత్రి నీళ్లు రొమ్ము దాకా ఉంటాయి, అప్పుడు ఎవడూ ఎత్తడు. అమోర్ పోయింది అర్ధరాత్రి. తెల్లారాక గంపలో చేపలు ఎగురుతున్నాయంటే వాటిని నీళ్లలోంచి తీసి ఎంతోసేపు కాలేదు.

"అయితే వనీస్ తీశాడు," అన్నాడు ఫురాటీ. "చంపినవాడికి దొంగతనం లెక్కా?"

"దొంగ తీస్తే గంప వదిలేసి పోతాడా? ఎండ తగలకుండా నాచు తడిపి కప్పుతాడా? సాయంత్రం ఆటుకి పనికొచ్చేలా మావులు మళ్లీ సర్ది పెడతాడా?"

"మరి మీ దీవివాళ్లలో ఎవడో చంపి, చేపల మీద జాలిపడ్డాడంటారు."

"జాలి కాదు, అలవాటు. గీకుడు పడవ వాడికి చచ్చిన చేపైనా డబ్బే, ఐసులో పడేస్తాడు. మావాడు మాత్రం పక్కన శవం ఉన్నా మావులో చేపని పీతలకి వదలడు."

ఆయన గడియారం చూసుకున్నాడు. నాలుగింటి లోపు జాలో అలవాటో కోర్టుకి పనికొచ్చే సాక్ష్యంగా చేసి చూపిస్తే చూస్తానన్నాడు. సాక్ష్యం మీ గార్డుల కడుపులో ఉందని గుర్తు చెయ్యడం కూడా మరిచిపోలేదు.

ఇద్దరం పడవ చూడ్డానికి వెళ్లాం. మధ్యాహ్నం పోటు అప్పటికి నిండింది, పడవని ఒడ్డు మీదకి లాగి కట్టేశారు. అడుగు చదునుగా ఉండే పాత పడవ, అన్నదమ్ములిద్దరిదీ. లోపల దుప్పటి, లాంతరు, టీ గిన్నె, ఎండు ఆక్టోపస్ ముక్క ఉన్నాయి. పడవని తోసే గెడ లేదు. దెబ్బ కొట్టింది దానితోనే అని, నీళ్లలో కొట్టుకుపోయి ఉంటుందని ఫురాటీ పొద్దునే రాసుకున్నాడు. అది మంచి ఊహే, ఆ మాట ఆయనతో అన్నాను కూడా.

గంపలు రెండున్నాయి. ఒకటి మహ్‌రెజ్ చెప్పింది, లోపల పొలుసులు, అంచుల్లో ఎండిన నాచు. రెండోది పడవ ముందు భాగంలో బోర్లించి ఉంది. తిరగేసి చూశాను. పూర్తిగా పొడిగా ఉంది. నిన్నటి పొలుసులు గట్టిపడి అడుగున అంటుకుని ఉన్నాయి, తడి తగిలిన గుర్తు ఎక్కడా లేదు. మహ్‌రెజ్‌ని పిలిచి ఇది ముందు నుంచీ ఇలాగే ఉందా అని అడిగాను. తాము దాన్ని కదపనే లేదని ఒట్టు పెట్టుకున్నాడు.

"ఇప్పుడు గంపలు లెక్కపెడదామా?" అన్నాడు ఫురాటీ.

"పెట్టాను. రెండు."

ఆ రెండు గంపల సంగతి మా ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు. అమోర్, బశీర్‌ల తండ్రి పెట్టిన పద్ధతి అది. మావులోంచి చేప బయటికి వచ్చినప్పుడే పంపకం అయిపోవాలి. నీకొకటి, నాకొకటి, పెద్దదైనా చిన్నదైనా చేతికి వచ్చిన వరసలోనే. పంచని చేపని ఒడ్డుకి తెస్తే తగాదా తెచ్చినట్టే అనేవాడట ఆ ముసలాయన. ఒకసారి ఈ అన్నదమ్ములకి పెళ్లి సంబంధం విషయంలో చెడింది. ఏడాది పాటు మాటల్లేవు. ఆ ఏడాదంతా వీపులు తిప్పుకుని నిలబడి మరీ పంచుకున్నారు. ఒకడు రాని రోజున రెండోవాడు వాడి గంప నింపి, నాచు కప్పి గుమ్మంలో పెట్టి వచ్చేవాడు. ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వాను.

బశీర్ అంటే నాకు ఇష్టం. అది ఇక్కడ చెప్పకపోతే అబద్ధమవుతుంది. అతని దగ్గరికి నడుస్తున్నంతసేపూ నేను అనుకున్నది తప్పు కావాలని కోరుకున్నాను.

లహ్మర్ల ఇంటి ముందు మగవాళ్లు చాపల మీద కూర్చుని ఉన్నారు. లోపల అమోర్ భార్య మన్నూబియా చుట్టూ ఆడవాళ్ల ఏడుపు. బశీర్ ఇంటి వెనక, సముద్రం వైపు అరుగు మీద ఒక్కడే కూర్చుని మావు బాగు చేస్తున్నాడు. చావు ఇంట్లో పనేమిటని ఎవరూ అడగలేదు. అతని చేతులు ఖాళీగా ఉండటం ఎవరూ చూసి ఉండరు. ఫురాటీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను అరుగు మీద కూర్చున్నాను.

"బశీరన్నా, పొద్దున నువ్వు ఏదీ ముట్టుకోలేదని రాయించావు."

"అవును."

మహ్‌రెజ్ చొక్కా మీద ఎగిరిపడ్డ చేప సంగతి చెప్పాను. బశీర్ చెయ్యి పీచు మీద ఆగింది. సిగ్గుపడుతున్నట్టు, అవును, మావులు ఎత్తింది నేనేనన్నాడు. అన్న శవం దగ్గర చేపలు ఏరుకున్నాడని ఊరు ఉమ్మేస్తుందని దాచాడట.

గోడ దగ్గర ఫురాటీ గొంతు సవరించుకున్నాడు. చేపలు తీయడం హత్య కాదు కదా అన్నట్టు నా వైపు చూశాడు. ఆయన తప్పు కూడా లేదు. అక్కడితో ఆగితే అది హత్య కాదు.

అయితే శవాన్ని చూశాక కూడా చేపలు తీశావా అని అడిగాను, కొంచెం కటువుగానే. అతను తల అడ్డంగా ఊపాడు. లేదట. ముందు తీశాడట, తర్వాతే చూశాడట. దడి చివర మూడు గదులున్నాయి. తూర్పు గది, మధ్య గది ముగించి పడమటి గదికి వెళ్లేసరికి అన్న కనిపించాడట. పడమటి మావులు కూడా దులిపేశావు కదా అంటే, వాటిలో అసలేమీ పడలేదన్నాడు. అప్పటిదాకా అన్న ఎక్కడున్నాడనుకున్నావని అడిగాను. దడి పొడుగునా మట్టలు చూసుకోవడానికి వెళ్లాడేమో అనుకున్నాడట, రోజూ వెళ్లేవాడట.

"అంటే చేపలు తీస్తున్నంతసేపూ మీ అన్న బతికే ఉన్నాడనుకున్నావు."

"అనుకోకపోతే చేపలు తీస్తానా అమ్మాయ్? నేనేమన్నా పశువునా?"

"అది రాసుకోనా?"

"రాసుకో."

ఫురాటీ రాసుకున్నాడు. ఆయన పెన్ను ఆగేదాకా ఆగాను.

"బశీరన్నా, రెండో గంప పొడిగా ఉంది."

అతను మళ్లీ పీచు చేతిలోకి తీసుకున్నాడు.

"మీ నాన్న పోయిన రోజున కూడా మీరిద్దరూ పంచుకున్నారు. మాటల్లేని ఏడాదంతా పంచుకున్నారు. మీ అన్న అటేదో మట్టలు చూసుకుంటున్నాడనుకున్న మనిషివి, ఇవాళ చేపలన్నీ ఒకే గంపలో ఎందుకు వేశావు?"

మావులోంచి పీచు కొస ఒకటి బయటికి వచ్చి ఉంది. దాన్ని లోపలికి దోపడానికి ప్రయత్నించాడు. అది మళ్లీ బయటికి వచ్చింది. రెండోసారీ అంతే. తర్వాత మావుని పక్కన పెట్టాడు.

"ఇంకెవరికి పంచను, వసీలా?" అన్నాడు.

ఫురాటీ గోడ నుంచి ఇవతలికి వచ్చాడు. ఏదో అనబోయాడు గానీ నేను చెయ్యెత్తితే ఆగాడు. ఆ మర్యాద ఆయనలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత బశీర్ అడగకుండానే చెప్పాడు. నీళ్లు అమ్ముతున్న సంగతి అన్న అతనికి చెప్పలేదు, కాఫీ కొట్టులో ఎవరో అంటే విన్నాడు. రాత్రి పోటు మీద ఈదుకుంటూ పడవ దగ్గరికి వెళ్లాడు. సగం నీళ్లు నావి కదా అని అడిగాడు. సగం దడి పనికిరాదు, నీ సగం కూడా అందులోనే పోతుంది, డబ్బు తీసుకుని ఇంట్లో కూర్చో అని అమోర్ నవ్వాడు. మెత్తగానే నవ్వాడట. దడి కట్టి కట్టి నా నడుము విరిగింది, గీకుడు పడవలు ఎలాగూ నాచంతా ఎత్తుకుపోయాయి, ఇంక ఎవరి కోసం కాపలా అన్నాడట. అందులో అబద్ధం లేదు, అదే కోపం తెప్పించిందన్నాడు బశీర్. గెడ చేతికి దొరికింది. ఒకే దెబ్బ. అమోర్ అటువైపు నీళ్లలో పడ్డాడు. చీకట్లో వెతికాడు, పేరు పెట్టి పిలిచాడు, దొరకలేదు. నీళ్లు తీయడం మొదలయ్యాక అన్న ఎక్కడికి వెళ్తాడో అతనికి తెలుసు. అక్కడే కూర్చున్నాడు, తెల్లారేదాకా. గెడని దడిలో మట్టల మధ్య పాతేశాడు, వెళ్లి చూస్తే దొరుకుతుందన్నాడు.

"అన్నని గది లోంచి తీయలేకపోయాను. చెయ్యి వెయ్యలేకపోయాను," అన్నాడు. "చేపలు కొట్టుకుంటున్నాయి. చేతులు వాటంతట అవే పోయాయి. నాచు కప్పాక తెలిసింది నేనేం చేస్తున్నానో."

ఫురాటీ పోస్టుకి ఫోను చేసి వనీస్ సంకెళ్లు తీయమన్నాడు, గెడ కోసం మహ్‌రెజ్‌ని దడి దగ్గరికి పంపమన్నాడు. నాలుగింటి ఫెర్రీలో ఒక సీటు ఎలాగూ ఉంది, మనిషి మాత్రమే మారాడు. వనీస్‌కి భోజనం పెట్టారా అని నేను అడిగాను. ఎవరికీ తెలియదు. చేపలైతే అయిపోయాయి.

బశీర్ లేచి బట్టలు దులుపుకున్నాడు. సంకెళ్ల కోసం చేతులు చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, బాగు చేస్తున్న మావుని నాకు అందించాడు. సముద్రం వైపు చూశాడు. తీరం దగ్గర తడి ఇసుక గీత అప్పుడే కొద్దిగా కిందికి దిగింది.

"నీళ్లు తీస్తున్నాయి," అన్నాడు. "సాయంత్రం మావులు ఎవరు ఎత్తుతారు?"

చాపల మీది మగవాళ్లు అప్పటికి మూల మలుపులో గుమిగూడారు. నేను ఎత్తుతానన్నాను. మా నాన్నతో వెళ్లి చిన్నప్పుడు ఎత్తినదాన్నే, చేతులు మరిచిపోవు.

అతను తల ఊపాడు. నాలుగడుగులు వేసి ఆగి, ఫురాటీ భుజం మీదుగా వెనక్కి తిరిగాడు.

"రెండు గంపలూ తీసుకెళ్లు. వదినది అక్కడే వేరు చెయ్యి."